వైస్ బాగానే ఉంది

మార్చి 2

ఇక నుంచి నా ఈగలు నేనే కట్టుకుంటాను. రాసి పెట్టుకుంటున్నాను, రేపు మనసు మారితే ఈ పేజీ తీసి నా మొహాన కొట్టుకోవడానికి.

మా ఆవిడకి చెబితే పకపకా నవ్వింది. "ఈగలు తోలుకునే మగాళ్ళని చూశాను గానీ, ఈగలు కట్టుకునే మగాళ్ళంటే మీరూ అన్నయ్యగారే. ఇప్పుడు అది కూడా వేరు కాపురమా?" అంది. కొక్కెం మీద ఈకముక్కా దారమూ చుట్టి, నీళ్ళ మీద వాలిన ఈగలా కనిపించేట్టు కట్టడం ఎంత పనితనమో ఆవిడకేం తెలుసు! చేప దాన్ని నిజం ఈగ అనుకుని నోరు తెరవాలి. ఆ పనితనం ఇన్నేళ్ళూ మా బావ చేతిలో ఉంది. నిన్నటితో సరి.

నిన్న ఏట్లో జరిగింది నేనెలాగూ మర్చిపోను. అయినా రాస్తాను, ఎందుకంటే తప్పు నాది కాదు. మోకాలి లోతు చన్నీళ్ళలో పొద్దుటినుంచీ నిలబడితే, ఎట్టకేలకి నా గాలం వైపు ఒక చేప వచ్చింది. చిన్నదేం కాదు. వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది. తీసి చూద్దును కదా, బావ కట్టిన ఈగకి ముడి వీడిపోయి ఈకలన్నీ వేలాడుతున్నాయి. ఈమధ్య ఇది మొదటిసారి కూడా కాదు. గట్టు మీద అందరూ టీలు తాగుతున్నారు. నేను దాన్ని ఎత్తి పట్టుకుని, "బావా, ఇది ఈగా, ఈకలు పీకిన పిచ్చుకా? చేతకాకపోతే మానెయ్యి!" అన్నాను. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. సంచీ సర్దుకుని, "అయితే నువ్వే కట్టుకోరా" అని కారెక్కి వెళ్ళిపోయాడు. నేను వచ్చిందీ ఆ కారులోనే అన్న సంగతి అది మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

ఉన్నమాట అన్నాను. లిఫ్టులు తనిఖీ చేసేవాణ్ణి, ఉన్నమాట రాయడమే నా ఉద్యోగం. తీగ అరిగితే అరిగిందనే రాస్తాను. యజమాని బాధపడతాడని బాగుందని రాస్తే లోపలున్నవాళ్ళు పాతాళానికి పోతారు. అక్క మొగుడైనంత మాత్రాన ముడికి వేరే రూలు ఉండదు కదా.

ముందు వైస్ కొనాలి. కొక్కేన్ని కదలకుండా పట్టుకునేది అదే. అది లేకపోతే మిగతాదంతా ఉత్తదే.

మార్చి 4

గాలాల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన మాట్లాడే ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు, మాట్లాడాక మళ్ళీ తుడుచుకుంటాడు. వైస్ చూపించమంటే "మీకా?" అన్నాడు. ఆ 'మీకా' నాకు నచ్చలేదు.

వరసగా పెట్టాడు. బల్ల అంచుకి మర బిగించుకునేవి కొన్ని, బరువైన ఇనప దిమ్మ మీద నిలబడేవి కొన్ని. ఒకదానికి మీట నొక్కితే కొక్కేన్ని పట్టే దవడలు మూసుకుంటాయి, ఇంకోదానికి మర తిప్పాలి. ఒకటుంది, కొక్కెంతో సహా గిర్రున తిరుగుతుంది. దారం పట్టుకుని కూర్చుంటే చాలు, అదే చుట్టుకుంటుందట. నల్లగా నిగనిగలాడుతోంది. నా మనసు దాని దగ్గరే ఆగిపోయింది.

"వీటిల్లో ఏది మంచిదండీ?"

"మీ బావగార్ని అడగండి సార్. ఆయనకి తెలిసినంత నాక్కూడా తెలీదు."

"మా బావకి తెలిసిందేమిటో మొన్న ఏట్లో చూశాం లెండి," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నేను ఏమీ కొనకుండా వచ్చేశాను. ఇలాంటి విషయాల్లో తొందరపడే మనిషిని కాను.

మార్చి 5

బావ ఫోను చేయలేదు. నేను ఎదురు చూడనూ లేదు.

మార్చి 6

చేయలేదు.

మార్చి 8

అడగాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడినేమో అడగను. మా ఆవిడ చేత అక్కకి ఫోను చేయించాను. మా ఆఫీసులో ఒకాయన కొత్తగా ఈగలు కట్టడం మొదలెడుతున్నాడు, వైస్ ఎలాంటిది కొనాలో పాపం తెలీడం లేదు, అన్నయ్యగారిని కాస్త అడిగి చెప్పమని. ఫోను స్పీకర్‌లో పెట్టించి పక్కనే కూర్చున్నాను, వార్తలు చదువుతున్నట్టు.

అవతల అక్క అడగడం వినిపించింది, ఆ వెనకాల బావ గొంతూ వినిపించింది. అక్క ఒక్కో ముక్కా మోసుకొచ్చి ఇటు అప్పజెప్పింది. "ఆ ఆఫీసాయన్ని తిరిగేదాని జోలికి పోవద్దంటున్నారే. నిలబెట్టి కట్టడం వచ్చాక తిప్పుకోవచ్చట. నిగనిగ చూసి పడిపోయే రకంలా ఉన్నాడు, జాగ్రత్త అంటున్నారు."

"నేనేం అలాంటి..." అనబోయాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

"ఇంకోటి చెబుతున్నారు. ఉన్నవాటిల్లోకెల్లా బుల్లి కొక్కెం దవడల్లో పెట్టి వేలితో మీటమను. అది ఉలక్కుండా ఉంటే మంచి వైస్. కదిలిందా, అక్కడే పెట్టేసి వచ్చెయ్యమను. డబ్బా మీద రాసిందేదీ నమ్మొద్దను."

అది నేనేనని వాడికి తెలుసు. తెలిసే చెప్పాడు. చెప్పాడు కాబట్టి కోపం తగ్గిందేమో అనిపించింది ఒక్క క్షణం. అంత కోపం లేకపోతే నేరుగా నాకే ఫోను చేసి చెప్పొచ్చుగా? పంతం కాకపోతే!

మార్చి 11

ఇవాళ తెలిసింది అసలు సంగతి.

కొట్టుకెళ్ళి బుల్లి కొక్కెం అడిగాను. నేను ఒక్కోదాన్ని మీటి చూస్తుంటే కొట్టాయన నిట్టూర్చి, "మీ బావగారు కూడా అచ్చం ఇలాగే సార్. కొత్త వైస్ కావాలని తీసుకెళ్ళడం, కొక్కెం కదులుతోందని వెనక్కి తేవడం. ఇదిగో, దీన్ని నిన్ననే తిప్పి పంపారు," అన్నాడు.

అదీ సంగతి! బావ కూడా కొత్త వైస్ కోసం తిరుగుతున్నాడు. నాకంటే ముందు మంచిది పట్టేసి, నా మొహాన పెట్టి ఆడించాలని. అందరూ నవ్వారన్న ఉక్రోషం ఇంకా చల్లారలేదన్నమాట.

బావ తిప్పి పంపినదాన్ని చేతిలోకి తీసుకున్నాను. సాదాసీదాగా ఉంది. బల్లకి బిగించేది, మీటతో మూసుకునేది. బుల్లి కొక్కెం పెట్టి మీటాను. ఉలకలేదు. గట్టిగా మీటాను. పలకలేదు. అన్నీ చూసేశాను, ఇంత బిగువు దేనికీ లేదు. తీగలూ బిగింపులూ చూడటమే నా బతుకు, నన్నెవడూ మోసం చేయలేడు. ఇంత మంచిదాన్ని వదులని తిప్పి పంపాడంటే ఏమనాలి? బావకి ఈగ కట్టడమే కాదు, వైస్ చూడటం కూడా చేతకాదని తేలిపోయింది.

కొనేశాను. దారి పొడవునా ఈల వేసుకుంటూ వచ్చాను.

మార్చి 13

మొదటి ఈగ కట్టాను. మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "చీపురు చేస్తున్నారా?" అంది. తప్పు వైస్‌ది మాత్రం కాదు.

మార్చి 15

మా ఆవిడ పుట్టినరోజు. ఏటా బావే కేకు పంపిస్తాడు, సొంత బేకరీ కదా. పంపడం గొప్ప కాదు, దాని మీద క్రీముతో తనే రాస్తాడు. బావ చేతి రాత చూడటానికే జనం ఆ కొట్టుకి వెళతారు. ఒక్క గీతలో, చెయ్యి ఎత్తకుండా రాసేస్తాడు. మా పెళ్ళిలో మా ఆవిడ బావ రాసిన కేకుని కొయ్యనివ్వలేదు, రాసింది చెడిపోతుందని.

ఈసారి కేకు వచ్చింది. మీద పంచదారతో పోసిన అచ్చు అక్షరాలు అతికించి ఉన్నాయి. ఫ్యాక్టరీలో చేసి అట్టపెట్టెల్లో అమ్ముతారే, అవి.

చూశావా వాడి కుళ్ళుబోతుతనం? నా మీద కోపం ఉంటే నా మీద చూపించాలి. ఏ పాపమూ ఎరగని ఆడపిల్ల పుట్టినరోజు కేకు మీదా? ఆ మాటే మా ఆవిడతో అంటే, ఆవిడ ఆ అక్షరాల వంక చూస్తూ, "ఈమధ్య అందరికీ ఇలాగే ఇస్తున్నారట," అంది.

"అందరి సంగతి నాకెందుకు?"

ఆవిడ కత్తి తెచ్చి కేకు కోసింది. కేకు నేను ముట్టలేదు. ఒక ముక్క తిన్నాను. బాగానే ఉంది, అది వేరే విషయం.

మార్చి 19

ఎలా రాయాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఒక పెద్ద భవనంలో తనిఖీకి వెళ్ళాను. లిఫ్టు నెత్తి మీద నిలబడి, టార్చి వేసి తీగలు చూస్తున్నాను. కింద ఎవరో ఆడమనిషి నాకోసం కూర్చుందని కబురొచ్చింది. దిగి వెళితే అక్క. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రిలో కూర్చున్నట్టు కూర్చుంది.

"మీ బావకి చెయ్యి వణుకుతోందిరా తమ్ముడూ," అంది.

నాకు అర్థం కాలేదు. అక్కే చెప్పింది. కుడి చెయ్యి. చాలా రోజులై ఉంటుందట, తనకి తెలిసిందే ఈమధ్య. టీ ఒలికితే కప్పు పిడి బాగాలేదంటాడట. క్రీము గీత వంకర పోతే క్రీము పల్చనైందంటాడట. తర్వాత రాయడమే మానేసి అచ్చు అక్షరాలు తెప్పించాడట. కొక్కెం అదురుతుంటే వైస్ దవడలు అరిగిపోయాయని కొత్తవి తేవడం, అవీ వదులేనని తిప్పి పంపడం. డాక్టరు మాట ఎత్తితే, "వైస్ పాడైతే నాకెందుకే డాక్టరు?" అని కసురుతాడట. ఆలస్యమయ్యే కొద్దీ ఏమవుతుందోనని అక్కకి గుండెల్లో రాయి పడింది.

"నా మాట వినరురా. నేను భయపడుతున్నానని వినరు. నీ మాట వింటారు. నువ్వు దేన్నీ దాచవని ఆయనకి తెలుసు. ఒక్కసారి వచ్చి, వైస్ బాగానే ఉంది బావా, బాగా లేనిది నీ చెయ్యే అని అనెయ్. చాలు. తిట్టుకుంటారు, కానీ నమ్ముతారు. అందరి ముందూ అన్నావుగా ఆ రోజు, ఇప్పుడు అందరూ కూడా ఉండరు."

పొడవడానికి అనలేదు అక్క. నిజంగానే అడిగింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ ముడి ఎందుకు వీడిందో అక్కడే, ఆ గట్టు మీదే, నాకు తట్టి ఉండాల్సింది. నేను చూడని తీగంటూ ఉండదు కదా!

ఆదివారం వస్తానన్నాను.

మార్చి 20

ఒక్క వాక్యం. రోజుకి ఇలాంటివి ఎన్నో రాసి సంతకం పెడతాను.

మార్చి 21

వైస్ బాగానే ఉంది బావా. వైస్ బాగానే ఉంది బావా. అద్దం ముందు బాగానే వచ్చింది.

మార్చి 22

వెళ్ళాను. వైస్ డబ్బా చంకలో పెట్టుకుని, ఏమీ జరగనట్టు. బావ తలుపు తీసి, "ఏరా, మీ ఆఫీసాయన కొన్నాడా?" అన్నాడు. కొన్నాడన్నాను. "ఏదీ, చూపించు వాడి తెలివి," అన్నాడు. అంతే, మాటలు కలిసిపోయాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

భోజనాల బల్ల అంచుకి వైస్ బిగించాను. అది చూసి బావ ఆగాడు. "ఇది నేను తిప్పి పంపింది కదరా?"

"అదే."

"మీటి చూశావా?"

"చూశాను."

బావ కూర్చుని బుల్లి కొక్కెం తీశాడు. గోళ్ళ అంచుల్లో పిండి ఇంకా అలాగే ఉంది. కొక్కేన్ని దవడల మధ్యకి తీసుకెళ్ళాడు. అది ఇనుముకి తగిలి టకటకలాడింది. ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మళ్ళీ పెట్టాడు. జారింది. మళ్ళీ. చివరికి పడింది. మీట నొక్కాడు. దారం చుట్టడం మొదలెట్టాడు. దారం అదురుతోంది, వేళ్ళు అదురుతున్నాయి, వేళ్ళ కింద బల్ల మీద ఈకలు కూడా అదురుతున్నాయి. ఆ గదిలో కదలనిది ఏదైనా ఉందంటే అది ఆ వైస్ ఒక్కటే.

అక్క వంటగది గుమ్మంలో నిలబడి, తుడిచిన పళ్ళేన్నే తుడుస్తోంది.

బావ దారం వదిలేశాడు. నా మొహంలోకి చూశాడు. "ఎలా ఉందిరా? వదులే కదూ?"

వాక్యం నోట్లోనే ఉంది. రెండు రోజులు నూరుకున్న వాక్యం.

"అవును బావా, వదులే," అన్నాను.

"వదులేనంటావా?"

"వదులే. దవడలు సరిగ్గా కూర్చోవడం లేదు. తిప్పి ఇచ్చేద్దాం."

బావ తల ఊపి, వైస్ విప్పి, డబ్బాలో పెట్టాడు. అక్క పళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత టీలు తాగాం, కబుర్లు చెప్పుకున్నాం. పెళ్ళికూతురి పేరు తప్పుగా చెప్పి కేకు రాయించుకుపోయిన పెద్దమనిషి కథ బావ మళ్ళీ చెప్పాడు, నేను కావాల్సినదానికంటే ఎక్కువ నవ్వాను.

వెళ్ళేటప్పుడు అక్క గుమ్మం దాకా వచ్చింది. "అంతమందిలో అనగలిగావు," అంది. తలుపు మెల్లగానే వేసింది.

మార్చి 23

ఇవాళ రెండు లిఫ్టులకి తాళం వేయించాను. ఒకదాంట్లో దీపం మిణుకుమిణుకుమంటోందని. యజమాని నా కాళ్ళావేళ్ళా పడ్డాడు. భద్రత విషయంలో మొహమాటాలు కుదరవని గట్టిగా చెప్పాను.

ఆ దవడల్లో వెంట్రుకవాసి తేడా ఉండే ఉంటుంది. లేకపోతే నేనెందుకంటాను?

మార్చి 24

మా ఆవిడ అడిగింది, చెప్పారా అని. మాటలు కలిశాయన్నాను. "నేనడిగింది అది కాదు," అంది. వైస్ తిప్పి ఇవ్వడానికి రసీదు వెతకాలని లేచి వచ్చేశాను. పిరికివెధవని అని ఇక్కడైనా రాయాలి. రాశాను.

మార్చి 26

పొద్దున్నే బావ వచ్చి హారన్ కొట్టాడు. వైస్ డబ్బా వెనక సీట్లో ఉంది. కొట్టు దాకా ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఇంతకుముందెప్పుడూ మేము వాతావరణం గురించి మాట్లాడుకోలేదు.

కొట్టు ముందు ఆపాడు. నేను తలుపు తీయబోతే, "కూర్చో," అన్నాడు.

కూర్చున్నాను.

"ఆ రోజు అందరి ముందూ చేతకాకపోతే మానెయ్యమన్నావు. గుర్తుందా?"

"బావా, నేను ఆ రోజు..."

"ఆగరా, చెప్పనీ. ఆ రాత్రి నేను హాయిగా పడుకున్నాను. నిన్ను తిట్టుకుంటూ పడుకున్నాను. వీడి నోటికి అడ్డూ ఆపూ లేదు, నాకేమీ కాలేదు, వైస్ మారిస్తే సరిపోతుంది అనుకున్నాను. మొన్న ఆదివారం వదులే బావా అన్నావు చూడు, అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు."

నేను ముందున్న అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. కొట్టాయన లోపల కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"చిన్నప్పుడు మీ అమ్మ చేసిన వంట బాగాలేదని చుట్టాల ముందు అన్నవాడివి. పెళ్ళి చూపుల్లో మీ ఆవిడతో, చీర నప్పలేదని చెప్పినవాడివి. నువ్వు, నా మొహం చూసి, దవడలు సరిగ్గా కూర్చోవడం లేదన్నావు. నువ్వు అబద్ధం చెప్పావంటే నా చెయ్యి ఎంత పాడైపోయి ఉండాలిరా?"

బావ తాళాలు తీసి నా ఒళ్ళో పడేశాడు. "నువ్వు నడుపు. మీ అక్క నాకు ఎవరో డాక్టరు పేరు చెప్పింది, అక్కడికి పోదాం. ఆవిడకి ఇప్పుడే ఫోను చెయ్యకు, కంగారు పడుతుంది."

డాక్టరు మాతో చాలాసేపు కూర్చున్నాడు. నడవమన్నాడు, చేతులు చాపమన్నాడు, ముక్కు ముట్టుకోమన్నాడు. వణుకుల్లో చాలా రకాలున్నాయనీ, కొన్ని మందులతో బాగా లొంగుతాయనీ, పరీక్షలన్నీ అయ్యేదాకా ఏదీ చెప్పలేననీ అన్నాడు. వచ్చి మంచిపని చేశారన్నాడు. ఆఖర్న తెల్లకాగితం ఇచ్చి, మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టుకుంటూ బయటికి వచ్చేలా ఒక గీత గీయమన్నాడు, చెయ్యి ఎత్తకుండా.

బావ గీశాడు. ఊపిరి బిగబట్టి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఏ కేకు మీదా అంత శ్రద్ధ పెట్టి ఉండడు. అయ్యాక డాక్టరు చెయ్యి చాపాడు గానీ, బావ ఆ కాగితం ఆయనకివ్వలేదు. నా వైపు తోశాడు.

"ఎలా ఉందిరా?"

గీత పొడుగునా రంపపు పళ్ళు. ఒక చుట్టు ఇంకో చుట్టు మీదకి ఎక్కేసింది. నేను బావ మొహంలోకి చూశాను. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు, మొన్న చూసినట్టే.

"దరిద్రంగా ఉంది బావా," అన్నాను.

"అమ్మయ్య," అన్నాడు బావ, కుర్చీలో వెనక్కి వాలి.